పావురాలకోనలో తెగిన పట్టీ

"నేనే చంపినానని రాసుకోండి సార్. ఏలిముద్ర యాడ ఎయ్యాల్నో చూపించండి."

లాకప్ ఊచల వెనుక నిలబడి జకరయ్య ఈ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. దెబ్బలకు భయపడిన మనిషి గొంతు కాదది. డిటెక్టివ్ శాంతయ్యను కలవరపెట్టింది కూడా అదే. భయంతో నేరం ఒప్పుకునేవాణ్ణి ఆపడం తేలిక. పశ్చాత్తాపంతో ఒప్పుకునేవాణ్ణి ఆపడానికి నిజం కావాలి. ఆ నిజానికి మిగిలిన గడువు మరుసటి ఉదయం పదకొండు గంటల వరకే. కోర్టు ఇచ్చిన పోలీసు కస్టడీ రేపటితో ముగుస్తుంది. మేజిస్ట్రేటు ఎదుట జకరయ్య ఇదే మాట చెప్తే, ఆ తరువాత ఎవరు ఏం నిరూపించినా వినే చెవి ఉండదు.

"ఏలిముద్ర సంగతి తర్వాత. ఆ సంచి నీకు ఎప్పుడు దొరికింది?"

"బుధవారం పొద్దున సార్. వెదురు కొట్టేదానికి పోతాంటి. పావురాలకోన మెట్టు మింద ఉండె."

"పడిపోయి ఉండెనా?"

"లేదు. బండకు ఆనిచ్చి నిలబెట్టి ఉండె, ఎవురో దించి పెట్టినట్ల. ఒక పక్క పట్టీ లేదు."

"కిందికి తొంగి చూడలేదా అప్పా?"

జకరయ్య ఊచలు పట్టుకున్నాడు. "చూల్లేదు సార్. సంచి గలోళ్ళు వస్తారేమోనని బెదురు. బేగా ఎత్తుకోని పొయినా. దాంట్లో అటుకులు, బెల్లం ఉంటే నా బిడ్డలకు పెట్టినా. ఆయమ్మ కిందనే పడుండాది, ఆయమ్మ అటుకులు ఈడ నా బిడ్డలు తింటాండారు. ఇంగ నేను చంపకుంటే ఎవురు చంపినట్టు?"

"డాక్టరు చెప్పినాడు విను. ఆ పిల్ల మంగళవారం మధ్యాహ్నం పడింది. పడిన క్షణంలోనే పోయింది. బుధవారం నువ్వు తొంగి చూసినా లేపగలిగేది ఏమీ లేదు. నువ్వు సంచి ఎత్తుకున్న దొంగవి, అంతే. అంతకు మించి ఒక్క మాట నీ నోట్లోంచి రాకూడదు."

జకరయ్య ఊచలు వదిలి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

బయట వేపచెట్టు నీడలో అతని తల్లి మణెమ్మ, మూతపెట్టిన సత్తుగిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. శాంతయ్యను చూసి లేచింది. "నిన్న క్రిస్మసు పండగ దినము నాయనా. చియ్యల కూర వండి తెస్తి. ముట్టలేదు. ఈ పొద్దు సంగటి తెస్తి. వాని మొగం నా తట్టు తిప్పనే ల్యా. నువ్వు మా దేవుని మనిషివి గదా, రొంత చెప్పు వానికి."

"చెప్పినా తల్లీ. తింటాడు, అక్కడే కూర్చో," అన్నాడు శాంతయ్య. తింటాడన్న నమ్మకం అతనికి లేదు.

పదిహేనేళ్ళు క్రైం బ్రాంచిలో పనిచేసి, ఉద్యోగం వదిలి, నంద్యాలలో సొంతంగా కేసులు చూసుకుంటున్న శాంతయ్యను ఈ పనికి పిలిపించింది జకరయ్య మనుషులు కాదు. చనిపోయిన అమ్మాయి తండ్రి. అహోబిలం వరదరాజులుగారు పంపిన కబురు రెండే వాక్యాలు: "నా బిడ్డ పేరుమీద నిర్దోషి ఎవడూ జైలుకు పోకూడదు. నిజం ఏదైనా సరే, నాకు కావాలి."

వరదరాజులుగారి ఏకైక సంతానం పుండరీకవల్లి. ఇరవై నాలుగేళ్ళు. తిరుపతిలో చరిత్ర పరిశోధన చేస్తున్న విద్యార్థిని. సిద్ధవటం దగ్గర మొదలై నల్లమల కొండల మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాటను, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కొక్క భాగంగా, ఒక్కతే నడుస్తూ వచ్చింది. వీపున మిలిటరీ కాన్వాసు సంచి, కాళ్ళకు గుడ్డ బూట్లు, చేతిలో వెదురు కర్ర. ఈ డిసెంబరులో ఆమె ఎంచుకున్నది అహోబిలం నుంచి మహానంది వరకు గల భాగం. సోమవారం ఉదయం బయలుదేరింది. శనివారం నాడు వెదురు కూలీలు ఆమెను పావురాలకోన అడుగున చూశారు.

*

రుద్రవరం దాటి వెదురు లారీల బాట ఆగిపోయే చోట శాంతయ్య దిగాడు. అక్కడి నుంచి కాలిబాట. అరగంట నడిచేసరికి మెట్టు వచ్చింది. మెట్టు అంటే కొండ అంచున పరుచుకున్న వెడల్పైన బండ. ఒక పక్క గుట్ట గోడలా లేచి ఉంటుంది. మరొక పక్క ఏకంగా కోన.

అతడు ముందు బండను చూశాడు. నడిచే మనిషి ఇక్కడ ఆగుతాడు. నీడ ఉంది, ఆనుకోవడానికి రాయి ఉంది. తరువాత అంచు దగ్గర బోర్లా పడుకుని కిందికి చూశాడు. కోన అడుగున, శవం ఉన్న చోట, పోలీసులు పోసిన సున్నపు గీత ఇంకా చెరగలేదు. ఆ గీత తిన్నగా ఉంది. అంత ఎత్తు నుంచి పడిన మనిషి కాళ్ళు కలిపి, చేతులు పక్కన పెట్టుకుని పడదు. ముఖం మీద ఆమె తువాలే కప్పి ఉందని పంచనామా సాక్షులు చెప్పారు. అంటే ఎవరో చుట్టుదారిన దిగి, ఆమెను సర్ది, ముఖం కప్పి, మళ్ళీ పైకి వచ్చి వెళ్ళిపోయారు.

అంచుకు రెండు నిలువుల కింద, గోడ పగులులో మొలిచిన పరికికంపలో ఆకుపచ్చగా ఏదో వేలాడుతోంది. ఆకు రంగులో కలిసిపోవడం వల్ల ఎవరి కంటా పడలేదు. శాంతయ్య పొడవాటి వెదురు కొట్టి, కొనన ఒక కొమ్మను కొక్కెంలా ఉంచి, చాలాసేపు తంటాలుపడి దాన్ని పైకి లాగాడు.

కాన్వాసు పట్టీ. సంచికి లేని పట్టీ.

"చేపలు పడినాయా అన్నా?"

వెనుక నుంచి వినిపించిన గొంతు సర్కిల్ ఇన్‌స్పెక్టరు లక్ష్మీనరసింహానిది. ఒకప్పుడు శాంతయ్య కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఈ కేసు అతనిది. ఇద్దరు కానిస్టేబుళ్ళను బాట మీదే నిలిపి ఒంటరిగా వచ్చాడు.

"మీవాళ్ళు వదిలేసిన చేప ఒకటి పడింది," అన్నాడు శాంతయ్య పట్టీ అందిస్తూ.

లక్ష్మీనరసింహం దాన్ని తిప్పి చూశాడు. "దీంతో ఏం తేలింది? వెనక నుంచి సంచి పట్టుకోని గుంజినాడు. పట్టీ తెగింది. పిల్ల పడింది. నేను రాసింది అదే గదా."

"వెనక నుంచి గుంజితే మనిషి వెనక్కి, అంటే బాట మీదికి పడుతుంది. కోనలోకి కాదు. ఇంకోటి చూడు. ఆ సంచికి రొమ్ము మీద పెట్టుకునే అడ్డపట్టీ ఉంది. కొండ ఎక్కేటప్పుడు బిగిస్తారు. వీపు మీద ఉండగా గుంజితే ముందు అది తెగాల. అది చెక్కుచెదరలేదు, బకిలు విప్పి ఉంది. ఆ పిల్ల తన చేతులతో విప్పి, సంచి దించుకుంది. కూర్చుంది. ఎదురుగా ఉన్న మనిషి ఆ సంచి చేతికి తీసుకున్నాడు. ఈమె పట్టీ పట్టుకోని వెనక్కి గుంజుకుంది. ఈమె వీపు కోన వైపు. పట్టీ తెగింది."

"కత్తి చూపించి దించమని ఉంటాడు."

"కత్తి చూపించినవాడితో ఏ ఆడపిల్లైనా సంచి కోసం గుంజులాడుతుందా? అట్లా గుంజులాడేది తెలిసినవాళ్ళతోనే. కోపం తెప్పించినా కీడు చెయ్యడని నమ్మకం ఉన్నవాడితోనే. పైగా దిగిపోయి ముఖం మీద తువాలు కప్పినాడు."

"పశ్చాత్తాపం అన్నా. వాడు ఇప్పుడూ ఏడుస్తాండాడు."

"వాడు ఏడ్చేది అటుకులకు."

లక్ష్మీనరసింహం నవ్వాడు గాని ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తెలివితక్కువవాడు కాదతడు. పట్టీ తెగిన చోట దారాలను వేలితో తడిమి, జేబురుమాలులో చుట్టుకున్నాడు. "సరే. తెలిసినవాడే. ఎవరు? నువ్వు చెప్పేదాంట్లో చేతులుండాయి, వీపు ఉండాది, మనిషి ల్యాడు. నా దగ్గర మనిషి ఉండాడు. వాని ఇంట్లో సంచి ఉండాది. వాని నోట్లో 'నేనే' అనే మాట ఉండాది. రేపు పదకొండుకు నేను వాణ్ణి నిలబెడతా. ఆ లోపల పేరు తెస్తావా, తే. ల్యాకుంటే నంద్యాలకు పోయి పండగ పిండివంటలు తిను. సాయంత్రం నేను అహోబిలంలోనే ఉంటా, సంచి గుర్తుపట్టినట్టు ఆ పెద్దాయనతో స్టేట్‌మెంటు తీసుకోవాల."

*

వరదరాజులుగారి ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. పక్కింట్లో ఉండేది ఆయన అన్నకొడుకు కృష్ణస్వామి, అతని భార్య భూదేవి. తండ్రి చిన్నప్పుడే పోతే కృష్ణస్వామిని పెంచింది వరదరాజులుగారే. పుండరీకవల్లికి నడక నేర్పిందీ, బడికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయిందీ ఇతడేనని ఊరంతా చెప్తుంది. ధనుర్మాసం నెలరోజులూ తెల్లవారుజామున గుడిలో దేవుని తిరుమంజన స్నానానికి నీళ్ళు మోసే కైంకర్యం ఇతనిది.

శాంతయ్య వెళ్ళేసరికి కృష్ణస్వామి వాకిట్లో నిలబడే మాట్లాడాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. గడ్డం మాసి ఉంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"ఆమె ఒంటరిగా నడవడం మీకు ఇష్టం లేదని విన్నాను."

"ఎవరికి ఇష్టం ఉండాది? గుడికాడ నలుగురు నాలుగు మాటలంటాంటే పడేది నేను. చిన్నాయన పుస్తకాల్లో తల పెట్టుకోని ఉంటాడు, ఆయనకేం వినపడుతుంది? వద్దంటి. వినలేదు. అంతే."

"మంగళవారం మీరు ఎక్కడ?"

"ఆళ్ళగడ్డకు పొయింటి, సరుకులకు. పొద్దుగుంకి వచ్చినా."

"బుధవారం?"

"ఇంట్లోనే. బుధవారం, గురువారం గడప దాటలేదు. జొరం. గుళ్ళో కూడా చెప్పి పంపినా. శుక్రవారం మళ్ళీ నీళ్ళకు పొయినా. కావల్నంటే అడుక్కోండి."

శాంతయ్య అప్పటికే అడిగాడు. జ్వరమనే కబురు వచ్చిన మాట నిజమేనని గుడిలో చెప్పారు. ధనుర్మాసంలో కృష్ణస్వామి మానడం తాము ఎరగమని కూడా అన్నారు.

కృష్ణస్వామి సంధ్యావందనానికి వెళ్ళిన తరువాత శాంతయ్య భూదేవితో మాట్లాడాడు. ఆమె తిరగలి దగ్గర నుంచి లేవలేదు.

"జ్వరం బాగా కాసిందా అమ్మా మీ ఆయనకు?"

"జొరమా? ఎవరికి?"

"పోయిన బుధవారం, గురువారం..."

"జొరమేంది? మైల. ఎవరో దూరపు దాయాది పోయినాడంట, మంగళవారం పొద్దుగుంకి ఇంట్లోకి వస్తానే బావికాడ తల మీద నీళ్ళు పోసుకున్న్యాడు. దేవునింట్లోకి పోవద్దనె నన్ను కూడా. చాప మింద పండుకునె. శుక్రవారం తెల్లారకముందే లేపి ఇల్లంతా కడగమనె. తానూ తలకు పోసుకోని, జంధ్యం మార్చుకోని అప్పుడు పొయినాడు గుడికి. చలిలో నా చేతులు కొంకర్లు పొయినాయి." తిరగలి ఆగింది. "చిన్నాయనకు చెప్పద్దనె. గుండె బలం లేని మనిషి, ఇయ్యన్నీ ఎందుకని. చెప్తే ఏమైతుంది సార్?"

ఏమవుతుందో శాంతయ్యకు నిజంగానే తెలియదు. క్రైస్తవుల ఇంట పుట్టి పెరిగిన అతనికి మైల అనే మాట తెలుసు, దాని లెక్క తెలియదు. అతనికి అర్థమైనది ఒక్కటే: గుడికి ఒక కారణం, భార్యకు మరొక కారణం. పోనీ బుధ, గురువారాలు మనిషి అడవిలో తిరిగి, అది కప్పడానికి చెప్పాడా అంటే, ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నవాడు ఎందుకు అబద్ధం చెప్పాలి?

*

వరదరాజులుగారు అరుగు మీద చాప పరుచుకుని కూర్చుని ఉన్నారు. పదిరోజుల మైలలో అయిదో రోజు. ఎదుట ఇన్‌స్పెక్టరు, వారి మధ్య నేలమీద కాన్వాసు సంచి, తెగిన పట్టీ. ఆయన దాన్ని తాకలేదు. "మా అమ్మాయిదే," అని మాత్రం అన్నారు.

శాంతయ్య అరుగు కింద నిలబడ్డాడు. "స్వామీ, ఒక సంగతి తెలుసుకోవాలి. పోయిన వారం మీ దాయాదుల్లో కాలం చేసినవారు ఎవరు?"

"మాకు దాయాదులు ఎక్కడున్నారు శాంతయ్యగారూ? మా తాతకు మా నాయన ఒక్కడే. మా నాయనకు మా అన్న, నేను. అన్న పోయి ముప్పై ఏళ్ళు. మా వంశంలో మిగిలింది నేను, కృష్ణుడు..." ఆయన చూపు సంచి మీదికి పోయింది. "మొన్నటిదాకా మా అమ్మాయి."

"మరి కృష్ణస్వామిగారు మంగళవారం సాయంత్రం నుంచి మూడు రోజులు మైల పట్టారు. శుక్రవారం తెల్లవారి ఇల్లు కడిగించి, జంధ్యం మార్చుకుని గుడికి వెళ్ళారు. భూదేవమ్మ చెప్పింది. గుడిలో మాత్రం జ్వరమని చెప్పారు."

వరదరాజులుగారు చాప అంచును చేత్తో సరిచేశారు. మళ్ళీ సరిచేశారు. శాంతయ్య తన వృత్తిలో ఎన్నో ముఖాలు చూశాడు. తను అడిగిన ప్రశ్న ఏమిటో తనకంటే ముందు ఎదుటివాడికి అర్థమైపోవడం ఇదే మొదటిసారి చూశాడు.

"మంగళవారం అన్నారా?"

"అవును స్వామీ."

"శవం దొరికింది శనివారం."

"అవును."

"జ్వరానికి జంధ్యం మార్చరు," అన్నారాయన, తనలో తాను పాఠం చెప్పుకుంటున్నట్టు. "మా ఇంట్లో మగవాడు పోతే దాయాదికి పది రోజులు. పెళ్ళికాని ఆడపిల్ల పోతే కన్నవాళ్ళకు పది, దాయాదికి మూడు."

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. "అంటే..."

"మైల చావుతో రాదు, చావు తెలిస్తే వస్తుంది. తెలియనివాడికి లేదు. నాకు శనివారం వచ్చింది. వానికి మంగళవారం వచ్చింది."

ముందు తేరుకున్నవాడు లక్ష్మీనరసింహమే. "పెద్దాయనా, ఇది కోర్టులో నిలబడదు." శాంతయ్య వైపు తిరిగాడు. "మైలను తీసకపోయి మేజిస్ట్రేటు ముందర ఎట్ల పెడ్తావన్నా? వాడు 'ఎవరో పోయినాడని విన్నా, అబద్ధమని తర్వాత తెలిసింది' అంటాడు. అయిపాయె."

"పోలీసులకు అబద్ధం చెప్పినాడు. పెండ్లానికి చెప్పినాడు. దేవునికి మాత్రం చెప్పలేకపొయినాడు," అన్నారు వరదరాజులుగారు. "మైలలో ఆ నీళ్ళు ముట్టలేకపొయినాడు. నా చేతుల మీద పెరిగినవాడు, ఎట్ల ముట్టగలడు?"

శాంతయ్య మెల్లగా అన్నాడు: "స్వామీ, రేపు మీకు తలకొరివి పెట్టవలసినవాడు అతడొక్కడే. ఇది మీరు చెప్తే తప్ప నాకు అర్థమయ్యేది కాదు. జకరయ్యను విడిపించడానికి నేను వేరే దారి వెదకగలనేమో. సమయం లేదు గాని..."

"ఆ జకరయ్యకు పిల్లలు ఎంతమంది?"

"ఇద్దరు."

వరదరాజులుగారు గోడ వైపు తిరిగారు. "కృష్ణా."

పెద్దగా పిలవలేదు. అయినా కృష్ణస్వామి వచ్చాడు. తడి పంచెతో, నొసట నామం ఇంకా ఆరకముందే. అరుగు ముందు సంచిని చూశాడు. పక్కనే ఉన్న పట్టీని చూశాడు. చిన్నాయన ముఖం వైపు మాత్రం చూడలేదు. ఎనిమిది రోజులుగా చూడలేదు. దాన్ని దుఃఖమనుకున్నారు వరదరాజులుగారు.

"పోయిన మంగళవారం తలకు పోసుకున్న్యావంట. మూడు దినాలు మైల పట్టినావంట. నాకు తెలియని చావు మన ఇంట్లో ఏదిరా?"

ఇన్‌స్పెక్టరు అడిగి ఉంటే కృష్ణస్వామి ఇంకొక దాయాదిని పుట్టించేవాడేమో. అడిగింది చిన్నాయన.

"చెల్లెల్ది, చిన్నాయనా."

అతడు కింద కూర్చున్నాడు.

"పిల్చుకొని వద్దామనే పొయినా. రుద్రవరం కాణ్ణుంచి వెదురు లారీలో పోయి మెట్టుకాడ కాపు కాస్తి. వచ్చింది. నన్ను చూసి నవ్వింది. సంచి దించి అటుకులు పెట్టింది. 'నువ్వు కూడా రాన్నా, మహానంది దాకా మాట్లాడుకుంటా పోదాం' అనె. నాకు కోపమొచ్చె. సంచి ఎత్తుకోని, ఇది ల్యాకుంటే ఎట్ల పోతావో చూస్తా అంటి. అది నవ్వుతానే పట్టీ పట్టుకుని గుంజె. అంతే చిన్నాయనా. నవ్వుతానే..." అరచేతులతో ముఖం మూసుకున్నాడు. "కిందికి దిగినా. పిలిస్తి. పలకలా. కాళ్ళు సరిచేసి తువాలు కప్పినా. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్లేదు. ఈ పొద్దు చెప్తాం, రేపు చెప్తాం అనుకుంటి. అంతలోకే ఆ జకరయ్యను పట్టుకునిరి."

లక్ష్మీనరసింహం లేచాడు. శాంతయ్య వైపు చూడలేదు; జీపు దగ్గరి కానిస్టేబుల్‌ను పిలిచి, "స్టేషనుకు పో. జకరయ్యతో ఎవురూ ఏమీ రాయించద్దని చెప్పు. వాళ్ళమ్మను లోపలికి పంపి తిండి పెట్టనీ," అన్నాడు. తరువాత కృష్ణస్వామి భుజం మీద చెయ్యి వేశాడు. లాగలేదు, ఊరికే వేశాడు.

వరదరాజులుగారు ఇంకా అన్నకొడుకునే చూస్తున్నారు. ఆ చూపులో కోపం కోసం వెదికాడు శాంతయ్య. దొరికి ఉంటే కొంత నయంగా ఉండేది.

"మూడు దినాలు నువ్వు దానికి ఏడ్చుకున్న్యావు," అన్నారాయన. "నేను ఆ మూడు దినాలూ గుళ్ళో పాశురాల గోష్ఠికి పొయినా, తీర్థం తీసుకున్నా, బిడ్డ క్షేమంగా నడవాలని తులసి ఏసినా. గురువారం రాత్రి చలి ఎక్కువాయె. పల్చటి దుప్పటి తీసకపోయిందే, కొండలో ఎట్ల ఓర్చుకుంటాదో అని తెల్లారేదాకా ఈ అరుగు మీదనే కూర్చుంటి. నీ కిటికీలో దీపం ఆరలేదు. గోడ అవతల నువ్వూ మేలుకొనే ఉంటివి గదరా."